మెయిన్ దింపాక బతికి ఉండాల్సినవి

యూపీఎస్ ఎంచుకోవడం గురించి నన్నడిగే పిల్లలందరూ మొదట ఒకటే ప్రశ్న వేస్తారు: "మేడం, ఎన్ని కేవీఏ తీసుకోవాలి?" అంటే కరెంటు పోతే బ్యాటరీతో ఎంత భారం మోసే పెట్టె కావాలని. ఆ ప్రశ్న వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. వెంటనే హుషారూ వస్తుంది. చిర్రు ఎందుకంటే అది అన్నిటికంటే చివర అడగాల్సిన ప్రశ్న. హుషారు ఎందుకంటే, దానికి ముందు అడగాల్సినవన్నీ ఈ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మిల్లులూ మిర్చి గోదాములూ నాకు నేర్పాయి. వాటి గురించి చెప్పమంటే నేను అన్నం కూడా మానేస్తాను.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, తొంభైల చివర్లో బ్రాడీపేటలో ఒక యూపీఎస్ డీలరు దగ్గర సర్వీసు ఇంజినీరుగా చేరాను. "ఆడపిల్లవి, బ్యాటరీలు మోస్తావా?" అని మా నాన్న అడిగారు. ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మోశాను. నడుము ఇప్పటికీ ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉంటుంది. ఉద్యోగంలో ఎప్పుడు ఏ మెట్టెక్కానో ఇక్కడ రాయడం లేదు. అది చదివి మీకు ఒరిగేదేమీ లేదు. నాకు గుర్తున్నవి కొన్ని గదులు, కొన్ని వాసనలు, కొందరు మనుషులు.

మా సారు లెక్క

మా యజమాని కోటేశ్వరరావు గారు. అమ్మడంలో ఆయన్ని మించినవాళ్ళను నేను చూడలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, "కంప్యూటర్లెన్ని?" అని అడిగేవారు. వాళ్ళు చెప్పగానే పైకప్పు వంక ఒక్క క్షణం చూసి, "ఒక కేవీఏ చాలండి" అనేసేవారు. రైసు మిల్లయినా, చీటీల కంపెనీ అయినా అదే మాట.

విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో చాలాచోట్ల అది సరిపోయేది కూడా. అప్పటి ఆఫీసంటే ఒక కంప్యూటరు, గరగరలాడే ప్రింటరు ఒకటి. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యోమనేది. గుమాస్తా చేస్తున్న పని భద్రం చేసుకుని, కంప్యూటరు ఆపి, బయటికెళ్ళి టీ తాగి వచ్చేవాడు. అతను ఆ టీ ప్రశాంతంగా తాగగలిగితే యూపీఎస్ తన పని చేసినట్టే.

కాబట్టి ఆయన పద్ధతిని నేను తప్పుపట్టను. అయితే కాలం మారింది. సారు చూపు మాత్రం పైకప్పు దగ్గరే ఆగిపోయింది.

తినేది వేరు, వడ్డించేది వేరు

రెండు వేల ఐదు దాటాక మా దగ్గరికి కొత్త రకం స్విచ్‌లు రావడం మొదలైంది. స్విచ్ అంటే గోడ మీద నొక్కే మీట కాదు, నెట్‌వర్క్ తీగలన్నీ వచ్చి చేరే పెట్టె. పాతవి సమాచారం మాత్రమే అటూ ఇటూ చేరవేసేవి. కొత్తవి అదే తీగలో కరెంటు కూడా పంపిస్తాయి. తీగకు రెండో చివర ఉన్న ఫోనుకో కెమెరాకో వేరే ప్లగ్గు అక్కర్లేదు. మొదటిసారి ఆ సన్నని తీగ గుచ్చగానే ఫోను దానంతటది వెలగడం చూసి నేను ఆఫీసులో చప్పట్లు కొట్టాను. కోటేశ్వరరావు గారు కళ్ళజోడు మీదుగా చూసి, "ఏంటమ్మా, కొడుకు పుట్టాడా?" అన్నారు.

ఆ సంబరం దిగాక గుబులు పట్టుకుంది. ఇదివరకు ఒక ఫోను పోతే ఒక ఫోనే పోయేది. ఇప్పుడు ఈ ఒక్క పెట్టె ఆగిపోతే దాని మీద ఆధారపడ్డ ఫోన్లూ కెమెరాలూ అన్నీ ఒకేసారి గుడ్లు తేలేస్తాయి.

పైగా పెట్టె వెనక రాసి ఉన్న అంకె చూసి మోసపోకూడదు. స్విచ్ తాను తినేది ఒక మామూలు బల్బంత. అది వడ్డించేది ఒక్కో తీగకు పదిహేను వాట్ల దాకా ఉంటుంది. ఇరవై నాలుగు తీగలున్న పెట్టె కడుపునిండా వడ్డిస్తే అది వేరే లెక్క. స్విచ్ ఒక్కటే ఎంత తింటుందో చూసి యూపీఎస్ కొనడమంటే, వంటవాడు ఎంత తింటాడో చూసి పెళ్ళికి బియ్యం కొలవడమే. ఈ పొరపాటు చేసిన ఆఫీసులు నేను బోలెడు చూశాను. కరెంటు పోయిన మరుక్షణం "ఓవర్‌లోడ్" అని ఎర్రలైటు వెలిగి అంతా చీకటి.

ఇంకో సంగతి. రాత్రిపూట చూడగలిగే కెమెరాల్లో చుట్టూ చిన్న చిన్న దీపాలుంటాయి, మన కంటికి కనపడని వెలుగు ఇస్తాయి. చీకటి పడితే అవి వెలిగి, కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. పొద్దున పదింటికి మీటరు పెట్టి చూసుకుని "బ్రహ్మాండం" అనుకుని వచ్చేస్తే దీపాలవేళకు బండారం బయటపడుతుంది. నేను పట్టపగలే కెమెరాల మీద నల్లగుడ్డ కప్పి కొలిచేదాన్ని. "మేడం కెమెరాలకి ముసుగేస్తోందిరోయ్" అని నవ్వేవాళ్ళు. నవ్వనీయండి. మీరూ కప్పండి.

జనరేటర్ గర్జిస్తుంటే డబ్బా ఏడ్చింది

గుంటూరు శివార్లలో ఒక కోల్డు స్టోరేజి ఉండేది. రైతులు ధర వచ్చేదాకా మిర్చి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అందులో దాచుకుంటారు. వాళ్ళు కెమెరాలు పెట్టించుకున్నారు. యూపీఎస్ మాది. ఒకరోజు దాని యజమాని ఫోను చేసి గుంటూరు మొత్తానికి వినపడేలా అరిచాడు.

"ఏమ్మా! అవతల జనరేటర్ గర్జిస్తా ఉంటే ఇవతల మీ డబ్బా ఏడుస్తా ఉందేంటమ్మా? లైట్లు వెలుగుతున్నాయి, మెషిన్లు తిరుగుతున్నాయి, మీదే చచ్చింది!"

వెళ్ళాను. మూత తీయగానే లోపలి ఫ్యాను మీద పేరుకున్న మిర్చిదుమ్ము మొహాన కొట్టింది. పావుగంట తుమ్ములు, కన్నీళ్ళు. అక్కడి హమాలీలు పాపం నేను ఏడుస్తున్నాననుకుని మంచినీళ్ళిచ్చారు. తర్వాత జనరేటర్ పక్కన మీటరు పట్టుకుని నిలబడ్డాను. గోదామును చల్లబరిచే పెద్ద కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ జనరేటర్ ఎగశ్వాస తీస్తోంది. మా యూపీఎస్ ఆ కరెంటును చూసి, ఇది మంచిది కాదని తిప్పికొట్టి, బ్యాటరీ మీదికి వెళ్ళిపోతోంది. కాసేపటికి మళ్ళీ కంప్రెసర్, మళ్ళీ అదే తంతు. జనరేటర్ నిక్షేపంలా తిరుగుతుండగానే బ్యాటరీ అయిపోయింది.

దాని బదులు, ఏ కరెంటు వచ్చినా లోపలికి తీసుకుని తన కరెంటు తాను కొత్తగా తయారుచేసుకునే రకం పెట్టాం. ఆన్‌లైన్ యూపీఎస్ అంటారు దాన్ని. అందులో ఇంకో సుఖం ఉంది. కరెంటు పోయినప్పుడు కన్నార్పేంత ఎడం కూడా ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, అది చాలదా అని అడుగుతారు. ఫ్యానుకూ లైటుకూ చాలు. స్విచ్ మాత్రం ఆ చిన్న ఎడానికే ఆగి మొదటినుంచి లేస్తుంది. దాని వెనక ఫోన్లన్నీ ఒక్కొక్కటిగా నిద్రలేవాలి. అందరూ లేచేసరికి నిమిషాలు పడుతుంది.

"పొగొస్తే అసలు వెయ్యం"

ఇక అసలు సంగతికి వస్తాను.

పర్చూరు వైపు వెళ్ళే దారిలో ఒక జిన్నింగు మిల్లు. పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్ళుగా కట్టే చోటు. వెంకటరత్నం గారని ఒకాయన, బావమరిది సాంబశివరావుతో కలిసి దాన్ని లీజుకు తీసుకున్నారు. అంతకుముందు సీజన్లో ఒక పత్తి కుప్ప అంటుకుని బూడిదైంది. అందులో రైతులు నమ్మకం మీద దించి వెళ్ళిన పత్తి ఉంది. ఇన్సూరెన్సువాళ్ళు ఈసారి అంటుకుంటే మా గడప తొక్కొద్దన్నారు. రైతులు ట్రాక్టర్లను వేరే మిల్లులకు తిప్పడం మొదలుపెట్టారు. ఇంకొక్క మంట వస్తే ఆ మిల్లుకు తాళమే. అందుకని ఆయన ఆవరణంతా కెమెరాలు, గేటు దగ్గరినుంచి బేళ్ళు నొక్కే ప్రెస్సు షెడ్డు దాకా ఫోన్లు పెట్టించుకున్నారు. అన్నీ ఆ కొత్తరకం స్విచ్ మీదే.

నేను వెళ్ళేటప్పటికే కోటేశ్వరరావు గారు పైకప్పు చూసేసి ఉన్నారు. "ఒక కేవీఏ. పది నిమిషాలు నిలబడితే చాలు, వాళ్ళకి జనరేటరుంది. నువ్వెళ్ళి స్థలం చూసి రామ్మా" అన్నారు.

గేటు గదిలో కూర్చుని నేను అలవాటుగా అడిగే ప్రశ్నే అడిగాను. "కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపట్లో వేస్తారండీ?"

"రెండు నిమిషాల్లో ఏస్తాం" అన్నారు వెంకటరత్నం గారు. పొట్టిగా, బిగువుగా ఉండే మనిషి. మాట్లాడేటప్పుడు కూడా కళ్ళు కుప్పల మీదే ఉంటాయి. "అదే పొగొస్తే, అసలు వెయ్యం."

"వెయ్యరా?"

"ఎట్లా వేస్తామమ్మా? పొగ కనపడితే మొదట మెయిన్ దింపేది మేమే గదా! పత్తిమిల్లులో పుట్టిన ప్రతివోడికీ తెలుసది. ముందు మెయిన్, తర్వాతే నీళ్ళు. తడిసిన షెడ్డులో కరెంటుంటే మనిషి పోతాడు. మళ్ళీ ఆ మెయిన్ ఎత్తేది కుప్పంతా విప్పి చూసుకున్నాకే."

నేను రాస్తున్న పెన్ను ఆపేశాను. ఈ ఫోన్లూ కెమెరాలూ కొన్నదే నిప్పు కోసం. నిప్పు కనపడగానే వీళ్ళు చేసే మొదటి పని కరెంటు తీసెయ్యడం. జనరేటర్ కూడా వెయ్యరు. కరెంటు ఆఫీసువాళ్ళు ఎంతసేపు తీస్తారన్న లెక్క మీద మేం ఎంచిన యూపీఎస్, సరిగ్గా అవసరం మొదలైన పది నిమిషాలకు కళ్ళు మూస్తుంది!

"కుప్ప విప్పడానికి ఎంతసేపు పడుతుందండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. "పత్తిలో నిప్పు పైకి కనపడదమ్మా. లోపల్లోపల పాకుద్ది. ఒక్కోసారి పొద్దున మొదలెడితే చీకటి పడుద్ది."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇన్నేళ్ళలో ఏ ఇంజినీరూ నన్ను అడగలేదు. "కరెంటుండకూడదనే గదమ్మా మేం మెయిన్ దింపేది? మళ్ళీ మీరు తీగల్లో కరెంటు పంపుతానంటే ఎట్లా?"

నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది, లేచాను కూడా. "అక్కడే ఉందండీ దీని గొప్ప! ఈ తీగలో పోయేది గోడ ప్లగ్గులో ఉండే రెండొందల ముప్ఫై కాదు. నలభై ఎనిమిది వోల్టులే. తీగ ఎక్కడన్నా దెబ్బతిని కలిసిపోతే స్విచ్ దానంతటదే ఆ తీగ ఆపేస్తుంది. యూపీఎస్ ఈ గేటు గదిలో ఉంటుంది, ఇటుక గోడ, పత్తికి దూరం. మీరు మెయిన్ దింపితే షెడ్లలో పెద్ద కరెంటు ఒక్క చుక్క ఉండదు. ఫోను మాత్రం మోగుతుంది."

సాంబశివరావు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. "ఆ బావా, అమ్మేవాళ్ళు అట్టాగే చెప్తారు" అన్నాడు.

ఏది చావాలో ముందే తేల్చుకోండి

బ్రాడీపేట వచ్చి సారుతో చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"పొగ సంగతి మనకెందుకమ్మా? మనం కరెంటు పోతే ఇచ్చేవాళ్ళం."

"వాళ్ళకి కరెంటు పోయేది పొగ వచ్చినప్పుడే సార్."

"రోజంతా నిలబడాలంటే లారీడు బ్యాటరీలు పెట్టాలి. ఆయన కొంటాడా? పక్క షాపు వాడు ఒక కేవీఏ ఇచ్చి ఎగరేసుకుపోతాడు."

సారు అన్నదాంట్లో ఒక నిజం ఉంది. ఉన్నవాటన్నిటినీ రోజంతా మోయాలంటే ఆ బ్యాటరీలు పెట్టడానికి గది కూడా చాలదు. రెండు రోజులు బుర్ర గోక్కున్నాక, నేను తప్పు వైపునుంచి ఆలోచిస్తున్నానని తోచింది. బ్యాటరీ పెంచే ముందు భారం తగ్గించాలి. మెయిన్ దింపాక ఏవి తప్పనిసరిగా బతకాలి? అవి ఒక స్విచ్ మీద, పెద్ద బ్యాటరీలతో. మిగతావి ఇంకో స్విచ్ మీద, చిన్న యూపీఎస్‌తో. అవి కాసేపు ఉండి పోయినా ఫరవాలేదు.

మళ్ళీ మిల్లుకు వెళ్ళి, గేటు గది బల్ల మీద సుద్దముక్కతో గీత గీసి, అటు బతికేవి, ఇటు చచ్చేవి అని రాయడం మొదలుపెట్టాను. ఇంత తమాషా పంచాయితీ నేనెప్పుడూ చూడలేదు. ఆవరణ కెమెరాలు, గేటు ఫోను, ప్రెస్సు షెడ్డు ఫోను, బయటి లైను వచ్చే ఎక్స్‌ఛేంజి పెట్టె, కెమెరా బొమ్మలు చూసే టీవీ, వీటికి ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆ టీవీని మర్చిపోయే వాళ్ళెంతమందో మీకు తెలియదు. కెమెరా బతికి ఉంటుంది, చూడ్డానికి తెర ఉండదు!

తర్వాత గొడవ మొదలైంది. గుమాస్తా తన గది కెమెరా ఉండాలన్నాడు. సాంబశివరావు తన గదిలో ఫోను ఉండి తీరాలన్నాడు. "నేను పార్టనర్ని, నాది తీసేస్తారా?" అని ముక్కు ఎగబీల్చాడు. ఆఫీసులో దేవుడి పటం చుట్టూ రంగురంగుల సీరియల్ బల్బులున్నాయి. అవి ఆరకూడదని ఎవరో అప్పటికే పాత యూపీఎస్‌కు తగిలించి ఉంచారు. దాని పక్కనే లేజరు ప్రింటరు కూడా! లేజరు ప్రింటరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ కుదేలైపోతుంది. ప్రింటరు పీకి పారేశాను. దేవుడికి మాత్రం విడిగా ఒక ఎమర్జెన్సీ లైటు పెట్టిస్తానని మాటిచ్చి బయటపడ్డాను.

సాంబశివరావు ఇంకా వదలడం లేదు. వెంకటరత్నం గారు సుద్దముక్క నా చేతిలోంచి తీసుకున్నారు. బతికే వైపు నేను మర్యాదకు రాసిన "ఓనరు గది ఫోను" అన్న మాటను తుడిచేశారు.

"నాది ముందు తియ్యండి. పొగొస్తే నేను గదిలో ఎందుకుంటాను?" అన్నారు.

సాంబశివరావు లేచి వచ్చి తన పేరు తానే తుడిచేసుకున్నాడు.

మెయిన్ దింపి చూడటం

పెట్టెలు బిగించాం. ఆన్‌లైన్ యూపీఎస్, విడిగా పెద్ద బ్యాటరీలు, వాటిని నింపగలిగినంత పెద్ద చార్జరు. చిన్న చార్జరుకు పెద్ద బ్యాటరీలు తగిలిస్తే అవి ఎప్పటికీ నిండవు, ఈ సంగతి కంపెనీవాళ్ళు చెప్పరు. బ్యాటరీల గదికి రేకుల కప్పు ఉంటే దాని కింద తడికె కట్టించాను. మా వేసవిలో బ్యాటరీ ఉడికి తొందరగా ముసలిదైపోతుంది. యూపీఎస్‌కు గాలి పోయే జల్లెడ మీద దూది దుప్పటిలా పట్టేస్తుంది కాబట్టి వారానికోసారి దులపమని ఒప్పించాను.

ఆ తర్వాత అసలు పరీక్ష. "మెయిన్ దింపండి, చూద్దాం" అన్నాను.

అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆ మిల్లులో సరదాకి ఎవరూ మెయిన్ దింపరు. మెయిన్ పడిందంటే నిప్పు అనే అర్థం. ఫోర్మన్ దావీదు నాకు దూరపు చుట్టం లాంటివాడు, మా నాన్న దగ్గర చదువుకున్నాడు. "వందనాలమ్మా, ఇదొక్కటి మాత్రం అడగమాక" అన్నాడు. చివరికి భోజనాల వేళ, యంత్రాల్లో పత్తి ఖాళీ చేశాక, అందరికీ కేక వేసి చెప్పి, దింపుదామని తేల్చారు.

దావీదు దింపాడు. ఠపీమని శబ్దం. ఫ్యాన్లు, మోటార్లు, లైట్లు అన్నీ ఆగిపోయి, ఆ మిల్లులో ఎన్నడూ లేని నిశ్శబ్దం. గేటు గదిలో స్విచ్ మీద పచ్చలైట్లు మాత్రం చకచకా మెరుస్తూనే ఉన్నాయి. టీవీలో కుప్పలన్నీ కనపడుతున్నాయి. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

అంతలో బయట పెద్ద గోల. చెప్పింది చెవిన పడని ఆడకూలీలు నలుగురు, కొంగులు బిగించి, ఇసుక బక్కెట్లతో పరుగెత్తుకొచ్చారు. "యాడ? యాడ అంటుకుంది?" అంటూ ఒకావిడ నా మీదే ఇసుక పోయబోయింది.

నవ్వులయ్యాక ప్రెస్సు షెడ్డుకు ఫోను చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. లేదు. కాసేపటికి దావీదే ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మాది చచ్చిపోయిందమ్మా!"

వెళ్ళి చూస్తే తెలిసింది. ఈ తీగ వంద మీటర్లు దాటితే పనిచేయదు. ప్రెస్సు షెడ్డు అంతకంటే దూరం. అందుకని నెట్‌వర్కు బిగించినవాళ్ళు షెడ్డులో ఇంకో చిన్న స్విచ్ పెట్టి, దాన్ని గోడ ప్లగ్గుకు తగిలించారు. మెయిన్‌తో పాటు అది కూడా పోయింది. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది. దింపి చూడకపోతే, ఆ ఫోను చచ్చిన సంగతి నిప్పు పడిన రోజు తెలిసేది.

"ఇక్కడే ఒక చిన్న యూపీఎస్ పెట్టెయ్యండి" అన్నాడు సాంబశివరావు. నీళ్ళు కొట్టే షెడ్డులో మళ్ళీ పెద్ద కరెంటా? వీల్లేదన్నాను. దారి మధ్యలో లారీలు తూచే కాటా గది ఉంది, ఇటుకలది. చిన్న స్విచ్‌ను అక్కడికి మార్చి, దానికి అక్కడే బ్యాటరీ ఇచ్చి, షెడ్డులోకి సన్నతీగ మాత్రం పంపాం. మర్నాడు మళ్ళీ మెయిన్ దింపించాను. ఈసారి ప్రెస్సు షెడ్డులో ఫోను మోగింది. దావీదు ఎత్తి, "హలో" అనకుండా, "ఉంది! ఉంది! ఉంది!" అని అరిచాడు.

కోటేశ్వరరావు గారు ఆ రెండో పరీక్షకు స్వయంగా వచ్చారు. తిరిగి వస్తూ కారులో, "ఇకమీదట వచ్చినవాళ్ళని నువ్వే అడగమ్మా. నేను మజ్జిగిస్తా" అన్నారు.

ఆ ఫోను

తర్వాత సీజన్లో, పత్తి ముమ్మరంగా వస్తున్న రోజుల్లో, నిజంగానే అంటుకుంది. జరిగింది నాకు తర్వాత వాళ్ళు చెప్పారు.

మధ్యాహ్నం. పత్తిలో వచ్చిన రాయి ఏదో యంత్రంలో పడి నిప్పురవ్వ లేచింది. గింజ తీసే జిన్ను షెడ్డులో పొగ. దావీదు పరుగెత్తి మెయిన్ దింపాడు. గేటు దగ్గరినుంచి ఫైరింజనుకు ఫోను వెళ్ళింది. ప్రెస్సు షెడ్డులో బేళ్ళకు కాపలా ఉన్న నలుగురు తప్ప, మనుషులంతా జిన్ను షెడ్డు మీద పడ్డారు, ఇసుక, నీళ్ళు, డీజిల్ పంపు. వెంకటరత్నం గారు వాళ్ళ మధ్యనే ఉన్నారు.

ఫైరింజనుకు దారి చూపడానికి గేటు గదిలో ఉన్నది సాంబశివరావు. టీవీ వంక చూస్తే, ఆవరణ చివర, ఎవరూ లేని చోట, వెనక కుప్ప మీద సన్నగా తెల్లటి పొగ లేస్తోంది. గాలికి ఎగిరిన రవ్వ. ఆ వారం రైతులు కొత్తగా దించిన పత్తంతా అందులోనే ఉంది. కేక వేస్తే వినపడే దూరం కాదు. డీజిల్ పంపు హోరులో పక్కవాడి మాటే వినపడదు.

ఫోనెత్తి ప్రెస్సు షెడ్డుకు చేశాడు. ప్రెస్సు షెడ్డుకు వెనక కుప్ప కూతవేటు దూరం. ఒక ప్రెస్సు మనిషి ఎత్తాడు.

"ఎనక కుప్పరా! ఎనక కుప్ప అంటుకుంది! పరిగెత్తండ్రా!"

పరిగెత్తారు. పైపొర లాగేసి, అంటుకున్నంత మేర పక్కకు ఈడ్చి తడిపేశారు. నాలుగు బండ్ల పత్తి పోయుంటుంది. కుప్ప నిలబడింది. జిన్ను షెడ్డులో మంట ఫైరింజను వచ్చేసరికే లొంగింది.

ఇవేవీ తెలియని నేను బ్రాడీపేట ఆఫీసులో ఒక పాత యూపీఎస్ ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రం అవుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, నేను వెంకటరత్నాన్ని." గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. "మిల్లు అంటుకుందమ్మా."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాను.

"ఆరిపోయిందిలే. కుప్పలున్నాయి. మనుషులంతా బాగున్నారు. ఇంకా విప్పి చూస్తన్నారు."

"మెయిన్ ఎత్తారాండీ?"

"ఎక్కడ? పొద్దుపోయేదాకా ఎత్తం."

"మరి ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?"

"గేటు దగ్గర్నించేనమ్మా." ఒకసారి దగ్గి గొంతు సవరించుకున్నారు. "ఊరికే. ఎవరికన్నా చెప్పుకోవాలనిపిచ్చింది."

నాకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎన్నో చెప్పాలనుకున్నాను. నా నోట వచ్చింది మాత్రం ఇది.

"ఫోను పెట్టెయ్యండి! బ్యాటరీ ఉండనివ్వండి, ఇంకా కుప్ప విప్పాలి కదండీ!"

అవతల ఆయన నవ్వడం వినపడింది. నవ్వుతూనే పెట్టేశారు.